పదో లోపం

మా కంప్యూటర్ మేడమ్ రిటైరైపోయి హైదరాబాదు వచ్చేస్తోందట. అబూదాబీలో నాతోపాటు పన్నెండో తరగతి చదివిన ఆడపిల్లల వాట్సాప్ గ్రూపు ఒకటుంది. పుట్టినరోజు కేకులకీ పిల్లల డాన్సు వీడియోలకీ తప్ప మోగని ఆ గ్రూపు పది రోజులుగా ఒకటే గోల. సన్మానమట, శాలువా అట, ఆమె ఫోటో అట్ట మీద వేసి ఒక చిన్న పుస్తకమట. ఆ పుస్తకానికి మేడమ్ గురించి తలా ఒక పేజీ రాసి పంపాలట. ఈరోజు మనం ఇట్లా ఉన్నామంటే ఆమె చలవే అని ఒకతి రాసింది. ఆమె తిట్లే మనకి దీవెనలు అని ఇంకొకతి. చదువుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఇరవై మందిమి కంపెనీల్లో కుర్చీలు దొరికించుకున్నంత మాత్రాన తిట్లు దీవెనలైపోతాయా? నేను తినే అన్నం కూడా ఆ సబ్జెక్టు పెట్టిందే, కాదనను. సరే పేజీ రాద్దామని కూర్చున్నాను. మొదటి వాక్యం రాయగానే తెలిసిపోయింది, ఇది ఆ పుస్తకంలో వేసే రకం కాదని. అయినా మొదలుపెట్టాను కాబట్టి ఆపను.

మాది నెల్లూరు పక్క. ఇంట్లో తెలుగు, నమాజుకి అరబ్బీ, మెట్ల మీద ఎదురైనవాళ్ళతో హిందీ, బళ్ళో ఇంగ్లీషు. మా నాయన మస్తాన్ అబూదాబీ శివార్లలో, ముసఫ్ఫాలో, ఒక బిల్డింగులు కట్టే కంపెనీ లేబర్ క్యాంపులో టైమ్‌కీపరు. ఎవరు పనికొచ్చారు, ఎవరు రాలేదు అని హాజరు పుస్తకంలో రాయడం ఆయన పని. మేం అబూదాబీ ఊళ్ళోనే ఒక పాత ఫ్లాటులో ఒక గదిలో ఉండేవాళ్ళం. పక్క గదిలో ఇంకో కుటుంబం. వంటిల్లు ఒకటే, వంతులవారీగా పొయ్యి. మా అమ్మ వంతు పొద్దున్నే వచ్చేది. ఆమె చేపల పులుసు పెట్టిన రోజు వాళ్ళు కిటికీలన్నీ తెరిచేవాళ్ళు, వాళ్ళు ఎండురొయ్యలు వేయించిన రోజు మేం నోరు మూసుకునేవాళ్ళం. నాయన తెల్లారకముందే లేచి, చప్పుడు కాకుండా చొక్కా ఇస్త్రీ చేసుకుని, జేబులో రెండు పెన్నులూ ఒక పెన్సిలూ పెట్టుకుని కంపెనీ బస్సెక్కేవాడు. సాయంత్రం వచ్చేసరికి ఆ చొక్కాకి డీజిలు వాసన, సిమెంటు వాసన, వందమంది చెమట వాసన. అమ్మ దాన్ని విడిగా నానబెట్టేది.

ఆ పెన్సిలు సంగతి చెప్పాలి. వచ్చినవాడికి నీలం గీత, రానివాడికి ఎర్ర గీత. ఎర్ర గీత పడిందంటే ఆ రోజు కూలి పోవడమే కాదు, ఇంకో రోజు కూలి కూడా కోత. అది కంపెనీ రూలు. జ్వరమొచ్చి లేవలేని మనిషికి నాయన పెన్సిలుతో గీసేవాడు. ఆ మనిషి తేరుకున్నాక, పన్లేని శుక్రవారం పూట క్యాంపులో చీపురు పట్టాలి, బాత్రూములు కడగాలి, వంటషెడ్డు తుడవాలి. ఎన్ని రోజులు పడుకున్నాడో అన్ని శుక్రవారాలు. అవి తీరాక నాయన పెన్సిలు గీతని రబ్బరుతో చెరిపి దానిమీద నీలం గీత పెట్టేవాడు. కంపెనీకి ఒక రోజు పని తక్కువ కాలేదు, మనిషికి రెండు రోజుల కూలి పోలేదు. ఇది ఎక్కడా రాసి లేదు. ఎవరూ నేర్పలేదు. గేటు దగ్గర నిలబడి నిలబడి ఆయనకాయనే కనిపెట్టుకున్న పద్ధతి.

ఇక బడి. గదులు తక్కువ, పిల్లలెక్కువ. పొద్దున ఆడపిల్లలకి, మధ్యాహ్నం మొగపిల్లలకి. మేం లేచిన కుర్చీలు చల్లారకముందే వాళ్ళొచ్చి కూర్చునేవాళ్ళు. పదకొండులో బయాలజీ కావాలా, కంప్యూటర్ సైన్సు కావాలా అన్నారు. కప్పని కోయాలంటే నాకు భయం, అందుకని కంప్యూటర్ అన్నాను. ఇంతకంటే గొప్ప కారణమేం లేదు. ల్యాబులో ముగ్గురికి ఒక మిషను. ఒకతి టైపు చేస్తుంది, ఒకతి పుస్తకం చూసి చదువుతుంది, మూడోది తప్పులు వెతుకుతుంది. టైపు చెయ్యడం రాని నేను మూడోదాన్ని. ఏసీ చలికి పళ్ళు టకటకలాడుతుంటే నీలం తెర మీద తెల్లక్షరాల్లో ఎక్కడ చుక్క మరిచిపోయామో వెతికేదాన్ని. అందులో ఒక సుఖం ఉంది, అబద్ధమెందుకు? మనం చెప్పినట్టు అది వింటుంది. ఇంట్లో, బస్సులో, బళ్ళో ఎవరూ వినరు. మొదటిసారి నా ప్రోగ్రాం తప్పు లేకుండా నడిచిన రోజు నేను ఇంటికి నడవలేదు, ఎగిరాను.

మేడమ్ గుంటూరావిడ. క్లాసులో ఒక్క తెలుగు ముక్క మాట్లాడేది కాదు. మేం పొరపాటున తెలుగులో గుసగుసలాడితే, ఇది చేపల మార్కెట్టా అని ఇంగ్లీషులో అనేది. పన్నెండో తరగతిలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ అనే పాఠం మొదలెట్టిన రోజు ఆమె ముఖం వెలిగిపోయింది. ప్రోగ్రాం రాయడం కూలిపని అంది. అసలు ఇంజినీరు ఉన్న పద్ధతిని చదువుతాడు, దాన్లో లోపం పట్టుకుంటాడు, ఆ తరవాతే కీబోర్డు ముట్టుకుంటాడు. లోపం పట్టలేనివాళ్ళు టైపిస్టులవుతారు. అలా అంటూ నా వైపే చూసింది. నాకు టైపు కూడా రాదని ఆమెకి తెలుసు.

ఆ ఏడు ప్రతి ఒక్కరూ ఒక ప్రాజెక్టు చేసి, స్పైరల్ బైండింగు చేయించి, ఫైలు పెట్టాలి. ఫైలుకి ఒక మూస ఇచ్చింది. ఒకటో అధ్యాయం: ప్రస్తుతం ఉన్న పద్ధతి. రెండో అధ్యాయం: ఉన్న పద్ధతిలో లోపాలు. పదికి తగ్గకూడదు. పది ఎందుకు? ఎందుకో ఎవరికీ తెలీదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నా బెంచీలో మిగతా ఇద్దరూ లేని లైబ్రరీ ఒకటి కల్పించారు. లేని లైబ్రరీలో ఎన్ని లోపాలైనా రాయొచ్చు, ఎవరికేం పోతుంది? తెలివైనవాళ్ళు. నేను మాత్రం మా నాయన హాజరు పుస్తకం తీసుకున్నాను. సాయంత్రాలు ఆయన కళ్ళు నలుపుకుంటూ నెలాఖరు పట్టికలు కూడుతుంటే చూసేదాన్ని. నేను రాసే ప్రోగ్రాం ఆ కూడికలు చేసిపెడుతుంది కదా అని నా ఆశ. నిజమైన సంస్థని తీసుకున్న ఒకే ఒక్క పిల్లవి అని మేడమ్ మెచ్చుకుంది కూడా. రెండేళ్ళలో ఆమె నన్ను మెచ్చుకుంది అప్పుడే. ఆ ఒక్క మెప్పుకి నేనెంత పొంగిపోయానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఒక శుక్రవారం నాయన పాత హాజరు పుస్తకం ఇంటికి తెచ్చాడు. ఆయనతో లింగన్న కూడా వచ్చాడు. నిజామాబాదు పక్క మనిషి, సైటులో ఇనుప చువ్వలు కట్టే పని. క్యాంపు మెస్సులో పప్పు నీళ్ళు తాగలేక శుక్రవారం మా ఇంట్లో భోంచేసేవాడు. మా అమ్మని వదినె అనేవాడు, నేను బాబాయ్ అనేదాన్ని. ఒట్టి చేతులతో వచ్చేవాడు కాదు, కవర్లో నాలుగు నారింజపళ్ళో, ఒక పెరుగు డబ్బానో. నేను నోటు పుస్తకం తెరిచి, ఇంజినీరమ్మలా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

"నాయనా, పొద్దున గేటు దగ్గర ఏమేం చేస్తావో ఒక్కొక్కటిగా చెప్పు."

"ఏముండాది పాపా, నిలబడతా. బస్సులొస్తాయి. నంబరు పిలస్తా. వాడు ఆఁ అంటాడు. గీత గీస్తా."

"ఆఁ అనకపోతే?"

"రూముకి పోయి చూస్తా."

నేనది రాసుకోలేదు. మూసలో దానికి జాగా లేదు. లింగన్న పళ్ళెం ముందు కూర్చుని పుస్తకం వైపు మెడ చాచి చూశాడు.

"బిడ్డా, నా నంబరు గూడ ఎక్కుతదా కంప్యూటర్ల?"

"ఎక్కుతుంది బాబాయ్."

"ఇగ ఊరికి పోతే చెప్త. నేను దుబాయ్ల కంప్యూటర్ల ఉన్న అని." అమ్మ నవ్వి ఇంకో గరిటె పులుసు వేసింది. అంతకు నెల ముందే అతనికి నాలుగు రోజులు జ్వరం తగిలింది. నాలుగు శుక్రవారాలు క్యాంపు కడిగి తీర్చి, ఆ వారమే తెరిపిన పడ్డాడు. ఆ సంగతి కూడా నాయన అప్పుడే చెప్పాడు, పెన్సిలు గీత చెరిపిన చోటు వేలితో చూపిస్తూ.

ఏడు లోపాలు నాకే దొరికాయి. కూడికలకి టైము పడుతుంది, కాగితం చిరుగుతుంది, చెమటకి సిరా పాకుతుంది, ఇలాంటివి. ఇంకా మూడు కావాలి నాయనా అంటే ఆయన పడీపడీ నవ్వాడు. "నా రాత నాకే అర్థం గాదు, అది రాసుకో. నేనొక పూట పడుకుంటే ఆ పుస్తకం ఎవురికీ అర్థం గాదు, అదీ రాసుకో. ఇంకా నీకేం గావాల, నన్ను గోడకి కొట్టి ఆరేస్తావా?" అవి ఎనిమిది, తొమ్మిది. పదోది నాకిక దొరకలేదు. పెన్సిలు సంగతి రాశాను. మొత్తం రాశాను, ఒకటే పొడుగు వాక్యంలో: జ్వరమొచ్చినవాణ్ణి వచ్చినట్టు గీస్తాడనీ, అతను సెలవు రోజు పనిచేసి ఆ బాకీ తీర్చుకుంటాడనీ, ఆ తీర్చుకోవడానికి లెక్క లేకపోవడం లోపమనీ. మేడమ్ ఎర్ర పెన్నుతో ఆ వాక్యాన్ని మధ్యకి కొట్టేసింది. "ఇది లోపమా, సంజాయిషీనా? ఒక లోపం ఒక్క ముక్కలో ఉండాలి. ఉదాహరణ ఇవ్వు." ఫైలు బల్ల మీదికి విసిరింది, జారి కింద పడింది, తీసుకున్నాను. రెండో సగం తీసేశాను. టైమ్‌కీపరు జబ్బుపడిన కార్మికులను పనికి వచ్చినట్టు నమోదు చేస్తున్నాడు, ఉదాహరణకి ఫలానా నంబరు మనిషి నాలుగు రోజులు. లింగన్న నంబరే వేశాను. కొత్తది కల్పించడానికి బద్ధకం. ఈసారి మేడమ్ టిక్కు పెట్టి, పక్కన గుడ్ అని రాసింది.

అక్కడితో ఆగినా సరిపోయేది. ఆ దేశంలో స్టాంపు లేని కాగితం పొట్లాలు కట్టుకోవడానికే. నిజమైన సంస్థ అన్నావు కాబట్టి ఆ సంస్థ నుంచి సంతకం, స్టాంపు తెచ్చి ఫైలుకి ముందు కట్టాలంది మేడమ్. నాయన ఎగిరి గంతేశాడు. ముదీర్ చేత వేయిస్తానన్నాడు. ముదీర్ అంటే క్యాంపు మేనేజరు, ఆయన అసలు పేరు ఎవరూ పలికేవాళ్ళు కాదు. నాయన చదివింది తెలుగులో పదో తరగతి. ఇంగ్లీషులో అంకెలు, పేర్లు తప్ప వాక్యాలు చదవలేడు. ఆ ఫైలు అట్ట మీద నా పేరు మాత్రం నాలుగుసార్లు చదువుకున్నాడు. నలగకుండా ఒక కవర్లో పెట్టి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి, చంకలో పెట్టుకుని బయల్దేరాడు. తలుపు మూసుకున్నాక నాకు పదో లోపం గుర్తొచ్చింది. ఎవరు చదువుతారులే అనుకున్నాను. స్టాంపు వేసేవాళ్ళెవరూ చదవరు, అది లోకమంతా తెలిసిన సంగతి. నా జన్మకి తగలాల్సిన చదివే మనిషి ఆ ముసఫ్ఫాలోనే కూర్చుని ఉన్నాడు.

ముదీర్ రెండు రోజులు ఉంచుకుని ఫైలు వెనక్కిచ్చాడు. సంతకం, గుండ్రటి స్టాంపు, పైన ఇంగ్లీషులో చాలా ఉపయోగకరంగా ఉంది అని రాత. "శాబాష్, నీ కూతురు నీకంటే తెలివైంది అన్నాడే ముదీర్" అని నాయన అమ్మకి రెండుసార్లు చెప్పాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. మూడో రోజు ముదీర్ నాయనని పాత హాజరు పుస్తకాలన్నీ పట్టుకుని ఆఫీసుకి రమ్మన్నాడు. ఒక్కో పేజీ కిటికీ వెలుతురుకి పెట్టి చూశాడట. నీలం గీత కింద పెన్సిలు పడిన గాడి కనిపిస్తుంది కదా, అవన్నీ వేలు పెట్టి చూపించాడట. శుక్రవారాలు క్యాంపు కడిగినదానికి పుస్తకం లేదు. పుస్తకం లేనిది జరగనట్టే.

నాయన ఆ రోజు మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు. ఆయన్ని ఆ వేళలో ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. అమ్మ పరిగెత్తి వచ్చి నుదురు పట్టి చూసింది. జ్వరం కాదు. వంటింట్లోకి తీసుకెళ్ళి మెల్లగా చెబుతున్నాడు: "ఖలాస్. దొంగ హాజరు అంటుండాడు. లింగన్ననీ పంపించేస్తాడంట. పాపకి చెప్పబాక, పరీచ్చలుండాయి." నేను తలుపు దగ్గరే ఉన్నాను. ఫైలు తెచ్చి ఆయన ముందు తెరిచి, పదో లోపం తెలుగులో చదివి వినిపించాను. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది.

"శుక్రవారం సంగతి రాయలా?" అన్నాడు.

"లేదు నాయనా."

"ఎందుకు?"

"ఒక్క ముక్కే ఉండాలంది మేడమ్."

"ఆ రెండో ముక్క రాసుంటే బాగుండు పాపా" అన్నాడు. ఆ తరవాత ఆయనే దారి వెతికాడు. ముదీర్ వారం గడువిచ్చాడు. ఏదైనా కాగితం తెస్తే చూస్తానన్నాడు. "మీ మేడమ్మని అడుగు. ఇది బళ్ళో మార్కుల కోసరం పిల్ల కల్పించి రాసింది, నిజం గాదు అని బడి స్టాంపేసి ఒక ఉత్తరం రాసియ్యమను. మా ముదీర్‌కి స్టాంపు గావాల, అంతే. నేనూ నిలబడతా, లింగన్నా నిలబడతాడు." నాయన ఉద్యోగం మీదే మా వీసాలు. ఆ ఉద్యోగం పోతే మేం ముగ్గురం, లింగన్నతో నలుగురం విమానం ఎక్కాలి. ఆ నలుగురూ ఒక్క ఉత్తరం మీద ఉన్నారని నాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

మరుసటి రోజు స్టాఫ్ రూముకి వెళ్ళాను. సాయంత్రం నాయన తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఏమందని అడిగాడు. రాయనంది నాయనా అన్నాను. అమ్మ ఆ పూట మేడమ్‌ని ఏడు తరాల దాకా శపించింది. మొన్నటిదాకా మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ ఇంతే. మా చుట్టాలందరికీ తెలిసిన కథా ఇంతే. ఇన్నేళ్ళుగా నేను చెబుతూ వచ్చిందీ ఇదే.

మేడమ్ ఆ మాట అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను. నేను ఏడుస్తూ చెబుతుంటే ఆమె మొదటిసారి నాతో తెలుగులో మాట్లాడింది. "కూర్చోమ్మా" అంది. నీళ్ళిచ్చింది. మొత్తం విని, రాస్తానంది. "అయితే ఒకటి విను. ఇది కల్పించింది అని నేను సంతకం పెట్టాక ఈ ప్రాజెక్టుని పరీక్షకి పెట్టలేను. నిజమైన సంస్థ అని స్టాంపుతో కట్టిన ఫైలు ఇది. దీనికి సున్నా పడుద్ది. కొత్తది చెయ్యడానికి టైము లేదు. ప్రాక్టికల్ పోద్ది, ఏడాది పోద్ది. మీ నాన్న ఉద్యోగం కంటే ఏడాది పెద్దదేం కాదు. అయినా చదువు నీది, నువ్వే చెప్పాలి. నేను ఉత్తరం రాసి పెడతా."

రాసి పెట్టింది కూడా. రెండో రోజు బడి స్టాంపు వేసిన కవరు సొరుగులోంచి తీసి చూపించింది. కావాలా అంది. ఆలోచించుకుంటున్నా మేడమ్ అన్నాను. గడువు ముగిసే ముందు రోజు మళ్ళీ పిలిచి అడిగింది. "అక్కర్లేదు మేడమ్, ముదీర్ వదిలేశాడు" అన్నాను. ఆమె నమ్మి, హమ్మయ్య అని, నా ముందే ఆ కవరు చించి చెత్తబుట్టలో వేసింది. చించేటప్పుడు నేను చూస్తూ నిలబడ్డాను. నోట్లో నాలుక ఉండి కూడా నిలబడ్డాను.

నా లెక్క నాకుంది. నాయన ఉద్యోగం ఎటూ పోయేలా ఉంది, ఉత్తరం ఇచ్చినా ముదీర్ వింటాడని ఏముంది, అదీ పోయి నా ఏడాదీ పోతే ఎవరికి లాభం అనుకున్నాను. బెంచీలో మిగతా ఇద్దరూ కాలేజీకి పోతుంటే నేను మళ్ళీ అదే యూనిఫారం వేసుకోవడమా అనుకున్నాను. ఇంతకంటే ఘనమైనదేమీ అనుకోలేదు. ఆ లెక్కలో లింగన్న ఒక్కసారి కూడా రాలేదు. అతన్ని తీసేసి లెక్కేశానని చెబితే కొంచెం గౌరవంగా ఉండేది. అసలు గుర్తే రాలేదు.

గడువు తీరగానే లింగన్నని పంపించేశారు. క్యాంపు నుంచి నేరుగా విమానాశ్రయానికి వ్యాను ఎక్కించారట. వచ్చి ఏడాది కూడా నిండలేదు. ఆ శుక్రవారం అమ్మ అలవాటుకొద్దీ నాలుగు పళ్ళేలు తీసి, ఒకటి మళ్ళీ లోపల పెట్టింది. నాయనని పూర్తిగా తీసెయ్యలేదు. ఎక్కడో దూరాన రాస్ అల్ ఖైమాలో కంపెనీ వాళ్ళదే ఒక కంకర క్వారీ ఉంటే అక్కడ గేటు దగ్గర లారీలు చూసే పనిలో వేశారు. ఆ జీతానికి కుటుంబాన్ని ఉంచుకునే వీసా రాదు. పరీక్షలయ్యేదాకా మమ్మల్ని ఉండనిచ్చారు, అవి కాగానే అమ్మా నేనూ నెల్లూరు వచ్చేశాం. ప్రాక్టికల్ పరీక్షకి బయటి నుంచి వచ్చినాయన నా ఫైలు తిరగేసి, రెండో అధ్యాయం దగ్గర ఆగి, ఉన్న పద్ధతిని ఇంత బాగా చదివిన పిల్లని చూడలేదన్నాడు. నాకు పూర్తి మార్కులు. క్యాంపులో నా ప్రోగ్రాం ఎవరూ వాడలేదు. కార్డు గీకితే కీచుమనే మిషను గోడకి బిగించారు. అది రూముకి పోయి చూడదు. నాయన ఇంకో ఏడేళ్ళు ఆ క్వారీ గేటు దగ్గర దుమ్ము పీల్చి, దగ్గు తెచ్చుకుని తిరిగొచ్చాడు. ఆ ఏడేళ్ళలో నేను ఆయన్ని చూసింది మూడుసార్లు.

ఇప్పుడు నేను చేసే ఉద్యోగమేమిటంటే, కంపెనీలకి వెళ్ళి, మీ ప్రస్తుత పద్ధతిలో ఇబ్బందులేమిటండీ అని అడగడం. ఇప్పుడు దానికి పేర్లు మారాయి. రంగురంగుల చీటీలు గోడకి అంటిస్తాం, కాఫీలు తాగుతాం. ఎవరో ఒక ముసలి గుమాస్తా కూర్చుని నవ్వుతూ తన తప్పులు తనే చెబుతాడు, ఎనిమిదోది, తొమ్మిదోది. కుర్రవాళ్ళు గబగబా రాసుకుంటారు. మేడమ్ పాఠం మా అందరికీ బాగా వంటబట్టింది. ఆమె మీద నాకు కోపం పోలేదు. పది లోపాలూ, ఒక్క ముక్కా, విసిరిన ఫైలూ, ఆ పాపంలో ఆమె పిడికెడు ఆమెదే. కాకపోతే ఇన్నేళ్ళూ నేను పళ్ళు కొరికింది ఆమె చెయ్యని తప్పుకి. ఆ తప్పు చేసినదాన్ని నేను అద్దంలో రోజూ చూస్తూనే ఉన్నాను.

అమ్మా నాయనా ఇప్పుడు నా దగ్గరే ఉంటారు. పోయిన ఆదివారం నేను ఫోను పట్టుకుని గుర్రుగా కూర్చుంటే నాయన సంగతేమిటని అడిగాడు. సన్మానం అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. "పోబాక పాపా. ఒక్క కాగితం రాసియ్యమంటే రాసియ్యని మనిషికి శాలువానా? నా తరపున నాలుగు దులుపు." దగ్గు తెర వచ్చింది, ఆగి, ఇంకా తిట్టబోయాడు. ఆయన నోట ఆమెని ఇంకొక్క తిట్టు వినలేకపోయాను. ఆమె రాసింది నాయనా, నేనే తీసుకోలేదు అన్నాను. మొత్తం చెప్పాను, కవరు చించడం దాకా. వంటింట్లో అమ్మ పోపు మాడిపోతోంది, ఆమె కూడా కదలకుండా నిలబడి వింటోంది.

నాయన నన్ను చూడలేదు. అడిగితే క్షమిస్తాడని నాకు తెలుసు, చిన్నప్పటి నుంచీ ఆయన అంతే. నేను అడిగాను కూడా.

"నా మటుకైతే పోనీలే అంటా. బిడ్డవి" అన్నాడు. "లింగన్న తరపున నేనెట్ట అంటా పాపా?"